చీ, పానం

యోగా పుస్తకాల్లో, ఆక్యుపంక్చర్ కరపత్రాల్లో చైనావాళ్ల ‘చీ’ అంటే మన ప్రాణమేనని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. శాస్త్రాల వరకు ఆ పోలిక కొంత నిలుస్తుంది. వాళ్ల వైద్యంలో చీ నడిచే దారులున్నాయి, మనకు నాడులున్నాయి. ప్రశ్నోపనిషత్తు ప్రాణాన్ని ఐదుగా విడదీసి ఒంట్లో ఒక్కోదానికి ఒక్కో పని అప్పజెప్పింది. కానీ ఈ రెంటినీ జనం నోట విని చూడాలి.

మంచిర్యాల, శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గుబాయి కాలనీల్లో ప్రాణాన్ని పానం అంటారు. అక్కడ పలకరింపే ‘పానం మంచిగున్నదా’. జ్వరమొస్తే పానం బాగలేదు. బిడ్డ కనబడకపోతే పానం కొట్టుకుంటది, కనబడితే పానం లేచొస్తది. విసుగుపుడితే పానం ఇసిగింది. చివరికి ఇంట్లోంచి మనిషి వెళ్లినట్టే పానం పోతది. అది ఎప్పుడూ ఎవరో ఒకరిదే.

చీకి అలా ఒక ఒళ్లంటూ లేదు. ఆకాశపు చీ, ‘థియెన్‌చీ’, అంటే వాతావరణం. చీ పుట్టిందంటే కోపం వచ్చిందని. అతిథి చీ అంటే మర్యాద. చీ తెగితే చావు. కూడితే బతుకు, చెదిరితే మరణం అంటాడు ప్రాచీన చైనా తాత్వికుడు జువాంగ్జీ. అంటే ఊపిరిదీ గాలిదీ ఒకే పదార్థం.

బొగ్గు దగ్గర ఈ తేడా మరీ స్పష్టం. చైనా పండితుడు సుంగ్ యింగ్‌షింగ్ 1637లో అచ్చువేసిన ‘థియెన్‌గుంగ్ ఖాయ్‌వు’ అనే వృత్తిపనుల గ్రంథంలో బొగ్గు తవ్వకం గురించి రాశాడు. పెద్ద వెదురుబొంగు లోపలి కణుపులు తొలిచి, మొన చెక్కి బొగ్గులో గుచ్చితే విషవాయువు బొంగులోంచి పైకి పోతుందట. ఆ విషాన్నీ ఆయన చీ అనే అన్నాడు. అదే ఏడు చీ మీద విడిగా ఒక తాత్విక గ్రంథమూ రాశాడు. ఇవాళ్టికీ చైనాలో బొగ్గు వాయువు ‘మెయ్‌చీ’యే.

మన బాయిలో దాన్ని గ్యాస్ అంటారు. పనిచేసే చోట గాలిలో ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు, కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటకూడదని గనుల నిబంధన. ఫ్యాన్ పంపేది గాలి, ఆ గాలితో నిలిచేది పానం. ఈ రెంటినీ కలిపే మాట బాయి జనం నోట లేదు.

చంపేదాన్నీ బతికించేదాన్నీ ఒకే పదార్థంగా చూసిన చైనా ఆలోచన లోతైనది. అక్కడ మనం వెనకబడ్డామనే నా అభిప్రాయం. అయితే బిడ్డను గుండెకు హత్తుకుని ‘నా పానమా’ అనే తల్లికి చీ పనికిరాదు. అనువాదకులారా, చీని చీగానే ఉంచండి.