ఇంగ్లీషు తప్పులు, తెలుగు కారణములు

ఇంగ్లీషు తప్పులను దిద్దు పుస్తకములు మన యిండ్లలో విరివిగా నున్నవి. ఎడమప్రక్క తప్పు, కుడిప్రక్క ఒప్పు. వల్లించుటయే బాలుని పని. ఆ తప్పు వానికెట్లు తోచెనో యవి సామాన్యముగా జెప్పవు. ఈ పద్ధతి మాకు సమ్మతము కాదు.

'ఐ యామ్ హేవింగ్ టూ బ్రదర్స్' అని బాలుడు వ్రాయును. 'చదువుచున్నాను' అనుటలోను, 'నాకిద్దరన్నలున్నారు' అనుటలోను మనకు 'ఉండు' ధాతువే కలదు. అందుచే వాడు స్థితిని జరుగుచున్న పనివలె వ్రాసెను. ఇంగ్లీషున 'ఐ హేవ్' అన్న జాలును.

రాముడు 'నేను వత్తును' అని చెప్పగా, వాడు 'రామా సెడ్ దట్ ఐ విల్ కమ్' అని వ్రాయును. చదివిన యాంగ్లేయుడు వచ్చువాడు రాముడు కాడు, వ్రాసినవాడే యనుకొనును! మన 'అని' చేయు పనిని ఇంగ్లీషున ఉద్ధరణచిహ్నములు చేయును. అవి లేనిచో 'ఐ విల్' అనుటకు మారుగా 'హి వుడ్' అనవలయును.

'ఇట్ రెయిన్డ్, వుయ్ స్టేయ్డ్ ఎట్ హోమ్' అనునది మూడవది. తెలుగున వాక్యాంతమును క్రియయే తెలుపును గనుక కామా చాలునని తోచును. ఇంగ్లీషున నచ్చట పూర్ణవిరామముంచవలయును. లేదా కామా పిదప 'సో' చేర్చవలయును.

ఈ మూడింటను బాలుడు బుద్ధిహీనుడు కాడు; తన భాషానియమమునే పరభాషకు వర్తింపజేసెను.

విజయనగరమున 1892లో ప్రదర్శితమై, 1909లో పెంచి తిరిగి వ్రాయబడిన గురజాడవారి కన్యాశుల్కమునందు, ఇంగ్లీషున మాటలాడుడని వెంకమ్మ కోరగా, గిరీశమును వెంకటేశమును పొంతనలేని మాటలప్పగింతురు. ఆ తల్లి సంతసించును. ధ్వనిని విని విద్య యని నమ్మిన యామెను జూచి నవ్వుదుము. ఎఱ్ఱగీతను జూచి దిద్దుబాటు జరిగెనని నమ్ము మనము ఆమెకంటె తెలివిగలవారమా?

శ్రీకాకుళసీమయందు పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తిగారు సవరల మాటలను వారి నోటనే విని నేర్చి, 1931లో ఆ భాషను బోధించు గ్రంథమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. అడవిపలుకని లోకము త్రోసివేసిన భాషకును నియమము కలదని చూపిరి. మన బాలుని నోటి తెలుగునకు ఆపాటి గౌరవమైన నీయరాదా?

తల్లిదండ్రులకు మా మనవి యిది. తప్పు కనబడినప్పుడు 'దీనిని తెలుగున నెట్లందువు?' అని ముందడుగుడు. ఆ వాక్యమును ప్రక్కన వ్రాయించుడు. రెండును ఎచ్చట వేఱుపడునో బాలుడే చూపగలడు. తన భాష తప్పు కాదని యెఱిగినవాడు పరభాషను భయములేక నేర్చును.