ఏ చెట్టు సాంబ్రాణి?

సాంబ్రాణి పొగ పీలిస్తే మనసులోని దిగులు పోతుందని శాస్త్రజ్ఞులు నిరూపించారన్న వార్త మీరు ఎక్కడో ఒకచోట చదివే ఉంటారు. దాని వెనుక నిజమైన పరిశోధనే ఉంది. జెరూసలేంలోని హీబ్రూ విశ్వవిద్యాలయ పరిశోధకులు, వారి సహచరులు 2008లో ఫాసెబ్ జర్నల్‌లో ఒక పత్రం ప్రచురించారు. ఇన్సెన్సోల్ ఎసిటేట్ అనే పదార్థం ఇచ్చిన చిట్టెలుకల్లో ఆందోళన తగ్గినట్లు వారు గమనించారు. అయితే ఆ ఎలుకలు పొగ పీల్చలేదు. శుద్ధి చేసిన పదార్థాన్ని వాటికి సూదితో ఎక్కించారు. వార్తలో మొదట జారిపోయింది ఈ సంగతి. అంతకంటే ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటుంది: ఆ పదార్థం ఏ చెట్టుది?

బాస్వెల్లియా ప్రజాతిలో సుమారు ఇరవై జాతులున్నాయి. ఇథియోపియా, సూడాన్‌లలో పెరిగే బాస్వెల్లియా పాపిరిఫెరా రెసిన్‌లో ఇన్సెన్సోల్ ఎసిటేట్ పుష్కలంగా ఉంటుంది. ఒమాన్, సోమాలియాల బాస్వెల్లియా సాక్రాలోగాని, మన అడవుల్లోని అందుగు చెట్టు బాస్వెల్లియా సెర్రేటాలోగాని అది ప్రధాన పదార్థం కాదు. ఆవిరయ్యే తైలాలనే పోల్చి చూడండి. మొదటిదానిలో ఆక్టైల్ ఎసిటేట్, రెండోదానిలో సాధారణంగా ఆల్ఫా పైనీన్, అందుగులో ఆల్ఫా థుజీన్ ఎక్కువ. మూడింటికీ ఉమ్మడిగా ఉండేవి బాస్వెల్లిక్ ఆమ్లాలు. అవి బరువైన అణువులు. ఆవిరి స్వేదనంలో తైలంతోపాటు రావు. కాబట్టి అలా తీసిన తైలం సీసా మీద బాస్వెల్లిక్ ఆమ్లాల గొప్ప చదివితే అనుమానించండి.

పైగా మన అంగళ్లలో సాంబ్రాణి పేరుతో దొరికేది చాలాసార్లు అసలు బాస్వెల్లియానే కాదు. అది సుమత్రా వంటి చోట్ల నుంచి వచ్చే స్టైరాక్స్ చెట్ల రెసిన్. కుటుంబమే వేరు. దానిలో బెంజోయిక్, సిన్నమిక్ ఆమ్లాల సంబంధీకులు ముఖ్యం. (గుగ్గిలం సాల వృక్షానిది, గుగ్గులు కామిఫోరాది. ఈ రెండింటినీ కలిపేసే వ్యాసాల సంగతి మరోసారి.)

దగ్గరి చుట్టాలైన చెట్ల రెసిన్‌లు ఒకటేననుకుంటే ఏమవుతుందో కాలిఫోర్నియా పైన్ చెట్ల కథ చెబుతుంది. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల దక్షిణాది టర్పెంటైన్ రావడం ఆగిపోయింది. దాంతో అక్కడివారు పాండెరోసా పైన్ రెసిన్‌ను బట్టీల్లో కాచారు. దాని పక్కనే, చూడటానికి దాదాపు అలాగే ఉండే జెఫ్రీ పైన్ కూడా పెరుగుతుంది. ఆ రెసిన్ కలిసిన బట్టీలు పేలిపోయేవట. పాండెరోసా తైలంలో ఉండేవి టెర్పీన్లు. జెఫ్రీ తైలం దాదాపు అంతా హెప్టేన్, అంటే పెట్రోలులో ఉండే హైడ్రోకార్బన్! తర్వాతికాలంలో ఇంజన్ ఇంధనాల ఆక్టేన్ కొలతలో సున్నాగా పెట్టుకున్నది ఈ హెప్టేన్‌నే.

మనుషులు పోల్చుకోలేని ఆ తేడాను ఒక పురుగు పోల్చుకుంటుంది. జెఫ్రీ పైన్ బెరడును తొలిచే ఒక జాతి పెంకుపురుగు సాధారణంగా పాండెరోసా జోలికి పోదు. రెసిన్ చెట్టుకు రక్షణ కవచం. పురుగులూ బూజులూ మారినచోట కవచమూ మారుతుంది. టెర్పీన్లన్నీ అయిదు కార్బన్ల ముక్కల నుంచే తయారైనా, వాటిని మడిచి వలయాలుగా కట్టే ఎంజైమ్‌లో చిన్న మార్పు వస్తే చాలు, వేరే అణువు పుడుతుంది. అందుచేత వృక్షశాస్త్ర బంధుత్వం ఒక సూచన మాత్రమే. విశ్లేషణ చేయాల్సిన పని అలాగే మిగిలి ఉంటుంది.

ఈ తప్పులో నా వాటా కూడా ఉంది. ఇంగ్లీషు వ్యాసాల్లో ఫ్రాంకిన్‌సెన్స్ అన్న మాట వచ్చినప్పుడల్లా నేను ‘సాంబ్రాణి’ అని రాసి ముందుకు వెళ్లిపోయేవాణ్ణి. అది ఏ చెట్టుదండీ అని ఒక విద్యార్థిని కార్డు రాసినప్పుడు మూలం తిరగేశాను. జాతి పేరు అక్కడ స్పష్టంగానే ఉంది, వదిలేసింది నేనే. శాస్త్రీయనామం పెడితే పాఠకుడు బెదిరిపోతాడని సంపాదకులంటారు. నేనలా అనుకోను. అంగట్లో సోనామసూరికీ స్వర్ణకూ తేడా అడిగి కొనే పాఠకుడికి ఇంకో రెండు పేర్లు బరువా?

శేషాచలం కొండల్లో పెరిగే కొండ సాంబ్రాణి, బాస్వెల్లియా ఒవాలిఫోలియోలాటా, ప్రపంచంలో ఈ తూర్పు కనుమల ప్రాంతానికే పరిమితమైన జాతి. ఇథియోపియా చెట్టు మీద వచ్చిన ఫలితాన్ని దానికి అంటగడుతూ ఎవరైనా రాస్తే, ఆ పత్రికకు మీరూ ఒక కార్డు రాయండి.