కూచిపూడి పదాభినయం: ‘ప్రభావం’ అన్న మాట సరిపోతుందా?

కూచిపూడి నాట్యంపై వెలువడే సిద్ధాంత గ్రంథాల్లో కలావంతులకు తరచుగా దక్కేది ‘ప్రభావాలు’ అన్న శీర్షిక కింద ఒక పేరా. కూచిపూడి అనే నది ముందే నిండుగా ప్రవహిస్తున్నట్టు, అందులో వారి పాయ ఏదో వచ్చి కలిసినట్టు ఆ మాట ధ్వనిస్తుంది. కనీసం పదాభినయం విషయంలో ఈ ఊహ నిలవదు.

భాగవతుల సంప్రదాయం ప్రధానంగా కలాపాలది, యక్షగానాలది. బ్రాహ్మణ పురుషులు మేళాలు కట్టి ఊరూరా ఆడేవారు. స్త్రీ వేషాలూ వారివే. పొరుగునే ఉన్న మొవ్వ గోపాలుని ముద్రతో క్షేత్రయ్య రచించిన పదాలను అభినయంలో తరతరాలుగా నిలిపినవారు ముఖ్యంగా కలావంతుల స్త్రీలు. ఒకే పల్లవికి సంచారీ భావాలను మార్చి మార్చి చూపడం, కూర్చున్నచోటనే ముఖంతో, చేతులతో పదమంతా నడపడం వారి మేజువాణీల్లో పదునెక్కిన విద్య. నేటి ఏకపాత్ర కచేరీలో పదానికీ జావళికీ ఉన్న స్థానాన్ని కలాపం ఒక్కదాని నుంచి వివరించడం కష్టం.

రాకపోకలు ఒకే దిశలో సాగలేదన్నదీ నిజమే. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి కలావంతులకు నాట్యం నేర్పారు. తంజావూరు దేవదాసీ పరంపరకు చెందిన బాలసరస్వతి ఆయన వద్ద అభినయం అభ్యసించారు. గోదావరి డెల్టా కలావంతులు భామాకలాపమూ ఆడేవారు. ఇంతగా అల్లుకుపోయిన చోట ‘మూలం’, ‘ప్రభావం’ అని గీత గీయడం పరిశోధకుని సౌకర్యం కోసమే.

అర్జెంటీనా టాంగోలో యూదుల పాత్రను పరిశీలించేవారికీ ఈ చిక్కు ఉంది. యూదు బాణీ ఎక్కడుందని స్వరాల్లో వెదకడం కంటే, వాద్యబృందంలో వయొలిన్ పట్టినదెవరని అడగడం ఎక్కువ ఫలితమిస్తుంది. రౌల్ కప్లున్‌గా పేరొందిన వయొలిన్ విద్వాంసుని అసలు పేరు ఇజ్రాయెల్ కప్లున్. స్వరంలో కనబడని సమాచారం పేరులో దొరికింది.

మన విషయంలో పేర్లే చెదిరిపోయాయి. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టం అవసరాన్ని కాదనలేం. అంకితం పేరిట సాగిన దోపిడీ చిన్నది కాదు. కాని ఆ తరువాత పదం వేదిక మీదే మిగిలింది, దానిని కాపాడిన స్త్రీలు వేదిక దిగారు. వారిలో కొందరు ఇళ్ల లోపల పాడుకుంటూ, అభినయించుకుంటూ వచ్చిన తీరును దవేశ్ సోనేజీ 2012 నాటి తన గ్రంథంలో నమోదు చేశారు. విజయవాడ కచేరీ కరపత్రంలో పదానికి రచయిత, రాగం, తాళం ఉంటాయి. పాఠం ఏ ఇంటిదో ఉండదు. గురుపరంపర పట్టికలు కూర్చే పరిశోధకులు ముందుగా చేర్చవలసిన గడి అదే.