తలుపు లేని తూము

దెందులూరు దిగువన కొల్లేటి గట్టున పెరిగినవాళ్లకు నీరు ఎదురెక్కడం కొత్త సంగతేమీ కాదు. సరస్సు నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రంలో కలవాలి. వేసవిలో సరస్సు మట్టం పడిపోతే పోటు వేళ ఉప్పునీరే ఏరు పట్టుకుని పైకొస్తుంది. దాన్ని ఆపాలంటే రెగ్యులేటరు కట్టాలి, తలుపులు పెట్టాలి, ఎత్తి దించడానికి మనిషుండాలి.

మన ఒంట్లో ఇదే పని తలుపు లేకుండా జరిగిపోతోంది. కిడ్నీ నుంచి దిగే మూత్రనాళం మూత్రాశయం గోడలోకి తిన్నగా దిగదు. ఏటవాలుగా దూరి, లోపలి పొర కింద కొంత దూరం పాకి, అప్పుడు తెరుచుకుంటుంది. మూత్రాశయం నిండేకొద్దీ ఆ ఒత్తిడే పై పొరను వెనకున్న కండకు అదిమి నాళాన్ని మూసేస్తుంది. వెనక్కి రాజూసే నీటిచేతే దారి మూయించడం! ఏ ఇంజనీరైనా చేతులు జోడించాల్సిందే.

కొందరు పిల్లలకు పుట్టుకతోనే ఆ సొరంగం పొట్టి. ఉచ్చ పోసేటప్పుడు కొంత పైకి తన్నుతుంది. దీన్నే రిఫ్లక్స్ అంటారు. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉంటే క్రిములకు కిడ్నీ దాకా పడవ కట్టినట్టే. చలిజ్వరం, వాంతులు, మళ్లీమళ్లీ వస్తే కిడ్నీ మీద మచ్చలు.

సొరంగానికి కొలత చెప్పినవాడు అమెరికా సర్జన్ పాక్విన్, 1959లో. నాళం వెడల్పుకు ఐదింతల పొడవుండాలన్నాడు. నాలుగు మిల్లీమీటర్ల నాళమైతే రెండు సెంటీమీటర్లు. పసివాడి మూత్రాశయంలో అంత చోటెక్కడ? అడ్డంగా ఉందని 1975లో కోహెన్ అనే సర్జన్ చూపించాడు. నాళాన్ని విడదీసి, పొర కింద సన్న కత్తెరతో దారి చేసి, అవతలి పక్కకు లాగి, కరిగిపోయే దారంతో కుడతారు. కొత్త పరికరమేదీ బిగించరు. పొట్టిగా ఉన్నదాన్ని పొడుగు చేస్తారు, అంతే.

తక్కువ స్థాయి రిఫ్లక్స్‌కు చాలావరకు కత్తి అక్కర్లేదు. బిడ్డతోపాటు సొరంగమూ ఎదుగుతుంది. ఈలోగా ఇన్ఫెక్షన్ రాకుండా రోజూ కొద్ది మోతాదు కోట్రైమాక్సజోల్ అనే యాంటిబయాటిక్ ఇవ్వొచ్చు. 607 మంది పిల్లలతో చేసి 2014లో ప్రచురించిన అమెరికా అధ్యయనంలో అది ఇన్ఫెక్షన్లు తిరగబెట్టడాన్ని సగానికి తగ్గించింది. మచ్చల్ని మాత్రం తగ్గించలేదు, పైగా మందుకు లొంగని క్రిములు పెరిగాయి. ఎవరికివ్వాలో డాక్టరే తూచి చెప్పాలి.

జలుబూ దగ్గూ లేకుండా పసిబిడ్డ ఒళ్లు కాలిపోతుంటే అది మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. మెడికల్ షాపు నుంచి యాంటిబయాటిక్ తెచ్చి పట్టేయకండి. ముందు డాక్టరుకు చూపించి మూత్రపరీక్ష చేయించండి. మందు పడ్డాక కల్చర్‌లో క్రిమి దొరక్కపోవచ్చు.