శ్రుతి కలిస్తే శాంతి కలుగుతుందా?

సంగీతానికి మతం లేదు, భాష లేదు, సరిహద్దు లేదు. సమైక్యతా సభల్లో ఈ మాట వినని వారుండరు. ఒక భజన, ఒక ఖవ్వాలీ పాడించి, కరతాళ ధ్వనుల మధ్య సభ ముగిస్తే సామరస్యం సిద్ధించినట్టేనని మన సాంస్కృతిక సంస్థలు చాలాకాలంగా నమ్ముతున్నాయి. ఈ నమ్మకంలో నిజమెంతో, భ్రమ ఎంతో తేల్చుకోవడానికి ఒక ప్రయోగాన్ని పరిశీలించాలి. అది ఇజ్రాయెలీ, అరబ్బు యువ కళాకారులను ఒకచోట కూర్చోబెట్టిన పశ్చిమ-ప్రాచ్య దివాన్ ఆర్కెస్ట్రా.

1999లో జర్మనీలోని వైమార్ నగరంలో దీనికి అంకురార్పణ చేసినవారిలో ముఖ్యులిద్దరు. ఒకరు అర్జెంటీనాలో పుట్టి ఇజ్రాయెల్‌లో పెరిగిన యూదు సంగీతకారుడు డేనియల్ బారెన్‌బాయిమ్. రెండవవారు జెరూసలేంలో పుట్టిన పాలస్తీనీయుడు, 'ఓరియంటలిజం' (1978) గ్రంథకర్త ఎడ్వర్డ్ సయీద్. పారశీక కవి హఫీజ్ ప్రేరణతో గేటే వెలువరించిన కావ్యసంపుటి పేరునే ఆర్కెస్ట్రాకు పెట్టారు. గేటే నివసించిన ఆ వైమార్‌కు సమీపంలోనే బుహెన్‌వాల్డ్ నాజీ నిర్బంధ శిబిరం ఉంది. గొప్ప కావ్యం, గొప్ప సంగీతం దానంతటదే మనిషిని సంస్కరిస్తుందనే వాదానికి ఇంతకన్నా కఠినమైన జవాబు ఉండదు.

ఆ తొలి శిబిరంలో జరిగిన ఒక సంఘటనను సయీద్ చెప్పాడు. అరబ్బు సంగీతాన్ని అరబ్బులే వాయించగలరని ఒక అరబ్బు యువకుడు పట్టుబట్టాడు. మరి జర్మన్‌వి కాని నీకు బీథోవెన్‌ను వాయించే హక్కెక్కడిదని ఎదురుప్రశ్న వచ్చింది. వాదం ముదిరింది. కొద్దిరోజుల తర్వాత అదే యువకుడు, చైనా సంతతికి చెందిన ప్రసిద్ధ చెల్లో విద్వాంసుడు యో-యో మాకు అరబ్బు స్వరాలకు అనుగుణంగా చెల్లోను ఎలా శ్రుతి చేసుకోవాలో నేర్పుతూ కనిపించాడట. ఇక్కడ మార్పు తెచ్చింది మధురగానం కాదని గమనించాలి. ముందు తగాదా బయటపడింది, ఆ తర్వాతే కలిసి చేసే పని దాన్ని కరిగించింది.

సయీద్ సాహిత్య విమర్శకుడు, పియానో వాద్యకారుడు కూడా. పాశ్చాత్య సంగీతంలోని 'కౌంటర్‌పాయింట్' పద్ధతిని 'కల్చర్ అండ్ ఇంపీరియలిజం' (1993)లో విమర్శకు అన్వయించాడు. మన కచేరీలో వయొలిన్ గాయకుణ్ణి అనుసరిస్తుంది. కౌంటర్‌పాయింట్‌లో అలా కాదు. రెండు మూడు స్వరధారలు ఏకకాలంలో ఎవరిదారిన అవి నడుస్తాయి. ఒకటి మరొకదానికి లొంగదు, ఒకదాన్ని విడిచి మరొకటి నిలవదు. పాలకుడి కథను, పాలితుడి కథను ఇలా జతగా చదవాలన్నది సయీద్ ప్రతిపాదన. ఈ దృష్టితో చూస్తే సంభాషణ అంటే ఏకాభిప్రాయం కాదు. తన గొంతు వినిపిస్తూనే ఎదుటి గొంతును వినడం.

అయితే వేదిక మీది సమానత్వం వేదిక దిగాక ఉంటుందా? అసలు ప్రశ్న ఇదే. 2005 ఆగస్టులో ఈ బృందం ఆక్రమిత వెస్ట్ బ్యాంక్‌లోని రామల్లాలో కచేరీ చేసింది. ఇజ్రాయెలీలు ఆ ఊళ్ళో అడుగుపెట్టడాన్ని వారి ప్రభుత్వం నిషేధించింది. సిరియా, లెబనాన్ కళాకారుల చిక్కులు వారికున్నాయి. చివరకు స్పెయిన్ ప్రభుత్వం అందరికీ దౌత్య పాస్‌పోర్టులిస్తే గాని కచేరీ సాధ్యపడలేదు. సరిహద్దు దాటించింది వయొలిన్ కాదు, పాస్‌పోర్టు! కచేరీ ముగియగానే ఇజ్రాయెలీలు తమ ఇళ్ళకు తిరిగి వెళ్ళారు. శ్రోతలు ఆక్రమణ కిందే మిగిలారు.

ఇలాంటి ప్రయత్నాలు ఆక్రమణను సహజ విషయంగా చూపిస్తాయని పాలస్తీనా బహిష్కరణోద్యమం విమర్శించింది. ఈ విమర్శను తోసిపుచ్చలేం. పీడకుడు, పీడితుడు పక్కపక్కన కూర్చున్న దృశ్యం చూసి ప్రపంచం తృప్తిపడితే, ఆ దృశ్యం పీడకుడికే ఉపయోగపడుతుంది. 2023 అక్టోబరులో హమాస్ జరిపిన దాడిని గాని, ఆ తర్వాత గాజాలో వేలాది పసిపిల్లలను బలిగొన్న యుద్ధాన్ని గాని పాతికేళ్ళ ఆర్కెస్ట్రా ఆపలేకపోయింది.

అంతమాత్రాన ప్రయోగం వ్యర్థమనడం తొందరపాటు. బారెన్‌బాయిమ్ తన ఆర్కెస్ట్రా శాంతిని తెస్తుందని చెప్పుకోలేదు. అజ్ఞానంతో పోరాడుతుందన్నాడు. 2004లో ఇజ్రాయెల్ పార్లమెంటు భవనంలో వుల్ఫ్ పురస్కారం అందుకుంటూ, 1948 నాటి స్వాతంత్ర్య ప్రకటననే చదివి, పరాయి భూమి ఆక్రమణ దానికి ఎలా పొసగుతుందని నిలదీశాడు. మంత్రి అక్కడికక్కడే మండిపడింది. సంగీతకారుడు వాయిద్యం పక్కనపెట్టి నోరు విప్పిన ఆ ఘడియలోనే అతని సంగీతానికి నైతికబలం చేకూరింది.

మనం గ్రహించవలసిందీ ఇదే. వినే అలవాటును సంగీతం నేర్పగలదు, న్యాయం చేయలేదు. న్యాయం ఊసెత్తని సామరస్య గీతం బలవంతుడికి జోలపాట. సమైక్యతా వేదికమీద భజన, ఖవ్వాలీ రెండూ ఉండవలసిందే. కాని ఆ ఖవ్వాలీ పాడినవాడికి అదే ఊళ్ళో ఇల్లు అద్దెకు దొరుకుతుందా అన్న ప్రశ్న కూడా ఆ వేదికమీదే వినిపించాలి. ఆ ప్రశ్న వేయడానికి జంకే సభ ఎన్ని పాటలు పాడించినా, అది సాధించేది కాలక్షేపమే.