కొట్టేసిన వాక్యాలు: రెండు ఇంటర్న్‌షిప్ నివేదికలు

జర్నలిజం విద్యార్థుల ఇంటర్న్‌షిప్ నివేదికలు దిద్దేవాళ్లకు తెలుసు, వాటిలో చాలావరకు ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ముందు కృతజ్ఞతలు, తర్వాత సంస్థ చరిత్ర, నడుమ 'నేను నేర్చుకున్న పాఠాలు', చివర పత్రికల క్లిప్పింగులు. 2024 వేసవిలో నా బల్ల మీదికి వచ్చిన వాటిలో రెండింటిని మాత్రం పక్కపక్కన పెట్టుకుని చదివాను. రెండూ శంషాబాద్ చుట్టూ తిరిగినవే. మొదటిది నగరంలోని ఒక పీఆర్ ఏజెన్సీలో పనిచేసిన అమ్మాయిది. విమానాశ్రయం అవతల ప్లాట్లు వేసిన ఒక రియల్ ఎస్టేట్ కంపెనీ ఆమెకు అప్పజెప్పిన క్లయింటు. రెండోది ఆ చుట్టుపక్కల ఊళ్ల అర్జీలు వచ్చే ఒక ప్రభుత్వ కార్యాలయంలో, పౌర సంబంధాల విభాగంలో పనిచేసిన కుర్రాడిది. మనుషుల పేర్లూ సంస్థల పేర్లూ ఇక్కడ అక్కర్లేదు.

చూపుకి మొదటి నివేదికదే పైచేయి. స్పైరల్ బైండింగ్, రంగుల అట్ట, క్లిప్పింగులన్నీ తేదీలవారీగా. ఏ పత్రికలో ఎన్ని సెంటీమీటర్లు వచ్చిందో, అంత స్థలానికి ప్రకటన వేస్తే ఎంత అయ్యేదో లెక్కగట్టి, ఆ మొత్తాన్ని 'సాధించిన విలువ'గా చూపించింది. ఏజెన్సీల్లో ఈ లెక్క పాతదే. వార్తకూ ప్రకటనకూ పాఠకుడు ఒకే విలువ ఇవ్వడు కాబట్టి ఇది చెల్లదని, 2010లో ఈ రంగం వాళ్లే బార్సిలోనాలో కూర్చుని ఒప్పుకున్నారు. అయినా క్లయింటుకు రూపాయల్లో చెబితేనే అర్థమవుతుంది గనక లెక్క నడుస్తూనే ఉంది. పాపం, ఆ అమ్మాయి తప్పేమీ లేదు. చూపించమన్నది చూపించింది.

రెండో నివేదికకు మూలన ఒక పిన్ను తప్ప అలంకారం లేదు. అక్షరదోషాలున్నాయి. క్లిప్పింగులు తక్కువ, ఉన్నవీ జిల్లా పేజీలో అడుగున సింగిల్ కాలమ్‌వే. కానీ ప్రతి ప్రెస్ నోట్‌కూ అతను రెండు కాగితాలు జతచేశాడు. ఒకటి బయటికి వెళ్లినది, ఇంకొకటి పై అధికారి ఎర్ర సిరాతో దిద్దిన చిత్తుప్రతి.

భాష దగ్గర రెండూ దూరపు చుట్టాలు. ఏజెన్సీ ప్రకటనలో ప్రతిదీ ప్రపంచ స్థాయిదే, ప్రతిష్ఠాత్మకమే. ఎండీ గారు ఎప్పుడూ 'సంతోషం వ్యక్తం' చేస్తుంటారు. ఆయన నోట ఎన్నడూ రాని ఆ మాటల్ని రాసేది ఇంటర్నే. ప్రభుత్వ నోట్‌లో సంతోషాలుండవు, ఆదేశాలుంటాయి. 'తగు చర్యలు తీసుకోవాలని సంబంధిత అధికారులను ఆదేశించారు' అన్న వాక్యం లేని నోట్ ఆ కుర్రాడి నివేదికలో ఒక్కటీ కనిపించలేదు. సంబంధిత అధికారి ఎవరో, తగు చర్య ఏమిటో, ఎప్పటిలోగానో ఉండదు. మొదటిదాన్ని చదివితే రేపే స్వర్గం దిగివస్తున్నట్టు ఉంటుంది. రెండోదాన్ని చదివితే పని అయిపోయినట్టే ఉంటుంది. పాఠకుడికి కావలసింది ఈ రెంటి మధ్యలో ఎక్కడో ఉంది, అదే అచ్చులోకి రాదు.

ఇద్దరి నివేదికల్లోనూ ఎయిర్‌పోర్టు మెట్రో ఉంది. అసలు పోలిక అక్కడే తేలింది. 2022 డిసెంబర్ 9న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ మైండ్‌స్పేస్ కూడలి దగ్గర దీనికి శంకుస్థాపన చేశారు. రాయదుర్గం నుంచి విమానాశ్రయం దాకా 31 కిలోమీటర్లు, 6,250 కోట్ల రూపాయలు. ఏడాది తిరిగేసరికి ప్రభుత్వం మారింది. కొత్త ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఆ మార్గాన్ని పక్కనపెట్టి, పాతబస్తీ వైపు నుంచి వెళ్లేలా మార్చమన్నారు. అంటే ఈ పిల్లలు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లేనాటికి పాత దారి పోయింది, కొత్త దారి ఇంకా కాగితం మీదే ఉంది.

మొదటి నివేదికలో అతికించిన క్లిప్పింగులో 'మెట్రోకు చేరువలో' అని ఉంది. ఏ మెట్రోకు? వైవాలో అడిగాను. ఆ అమ్మాయి కాసేపు తటపటాయించి, "నేను 'మెట్రో ప్రతిపాదన పరిశీలనలో ఉంది' అని రాశాను సార్. మా సీనియర్ మార్చారు" అంది. ఆ సంగతి నివేదికలో ఎందుకు లేదమ్మా అంటే, "అది పాఠం కాదనుకున్నాను సార్" అంది. పాఠాల కింద ఆమె రాసినవి వేరే. రిపోర్టర్ల వాట్సాప్ గ్రూపులో ఎన్ని గంటలకు నోట్ వేయాలి, మండల విలేకరికి ఫొటో విడిగా ఎలా పంపాలి, పేజీ పెట్టేవేళ ఎవరికి ఫోన్ చేయకూడదు. ఇవన్నీ అక్కరకొచ్చేవే, తీసిపారేయను. కానీ 'పరిశీలనలో' నుంచి 'చేరువలో'కి వెళ్లిన ఆ ఒక్క మార్పులో ఎవరో అప్పు చేసి కొనబోయే 200 గజాల ప్లాటు ఉంది. శంషాబాద్, కొత్తూరు, షాద్‌నగర్ దారిలో హోర్డింగులు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. అక్కడ ప్రతి వెంచరూ విమానాశ్రయానికి పదిహేను నిమిషాల దూరమే. ఆ నిమిషాలు ఏ గడియారానివో అడిగేవాడు లేడు.

రెండో నివేదికలో మెట్రో గురించి ఒక పేరా ఉంది. కార్యాలయంలో పాత ఫైళ్లు సర్దుతుంటే శంకుస్థాపన నాటి నోట్ దొరికిందని, ఆ మార్గం రద్దయిన సంగతిని అంతే స్పష్టంగా చెప్పే నోట్ కోసం వెతికితే దొరకలేదని రాశాడు. ఇంకో చోట ఎర్ర సిరా కథ. అవుటర్ రింగ్ రోడ్డు సర్వీసు రోడ్డు మీద మురుగు నిలుస్తోందని ఒక ఊరివాళ్లు వచ్చారట. అతను 'ఇంతకుముందూ ఇచ్చామని, పట్టించుకోలేదని వాపోయారు' అని రాస్తే, దాన్ని కొట్టేసి 'వినతిపత్రం అందజేశారు' అని దిద్దారు. నివేదికలో దాని కింద అతని మాట ఒక్కటే: 'వాళ్లు నాలుగోసారి వచ్చినట్టు ఈ నోట్ చదివితే తెలియదు.'

ఏజెన్సీ పెంచి రాయించింది, కార్యాలయం తగ్గించి రాయించింది. ప్రైవేటు చెడ్డది, ప్రభుత్వం మంచిది అనే తీర్పుకు ఇక్కడ తావులేదు. రెండు చోట్లా బరువు తూగే మాటే పోయింది. తేడా విద్యార్థుల్లో ఉంది. ఒకరు కొట్టివేతను మరిచిపోవాల్సిన విషయంగా చూశారు, ఇంకొకరు దాచుకోవాల్సిన కాగితంగా చూశారు.

కొట్టివేత అన్నిసార్లూ పీఆర్ గదిలోనే జరగదు. ప్రయాణికుల సర్వేలో 2009 సంవత్సరానికి శంషాబాద్ విమానాశ్రయం ప్రపంచంలో మొదటి స్థానంలో నిలిచింది. ఏడాదికి 50 లక్షల నుంచి కోటిన్నర మంది దాకా ప్రయాణికులుండే విమానాశ్రయాల కేటగిరీలో అది మొదటిది. అది నిజంగా గొప్పే, ఎందుకంటే 2008 మార్చి 23న బేగంపేట నుంచి విమానాలు ఇటు మళ్లి అప్పటికి రెండేళ్లయినా నిండలేదు. కానీ ఇలాంటి అవార్డు జనం నోట్లో పడేసరికి 'ప్రపంచంలోనే నంబర్ వన్' అనే మూడు మాటలే మిగులుతాయి. కేటగిరీ ఎక్కడో జారిపోతుంది. పీఆర్ నేర్చుకునేవాడు కాపాడుకోవాల్సింది ఆ జారిపోయే భాగాన్నే. అది లేకపోతే మరుసటి ఏడు ఇంకో ఊరు నంబర్ వన్ అయినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు.

ప్రెస్ నోట్ పుట్టుక కూడా ఇక్కడ గుర్తుచేసుకోదగినదే. అది ప్రారంభోత్సవంలో కాదు, ప్రమాదంలో పుట్టింది. 1906 అక్టోబరులో అమెరికాలో అట్లాంటిక్ సిటీ దగ్గర రైలు వంతెన మీంచి నీళ్లలో పడితే, ఐవీ లీ అనే ఆయన రైల్వే కంపెనీ తరఫున వివరాలు రాసి పత్రికలకు పంపాడు. న్యూయార్క్ టైమ్స్ దాన్ని ఉన్నదున్నట్టు వేసింది. ఆయనా తర్వాత్తర్వాత కడిగిన ముత్యమేమీ కాదు, ఆ రోజు మాత్రం కంపెనీ పరువు నిలబెట్టింది దాపరికం కాదు. పీఆర్ పాఠ్యపుస్తకాల్లో ఈ కథ ఉంటుంది, పరీక్షకు చదువుతారు. ఇంటర్న్‌షిప్‌కు వెళ్లాక మరిచిపోతారు, ఎందుకంటే అక్కడ ఎవరూ గుర్తుచేయరు.

మార్కుల సంగతి. రాత, కూర్పు, క్రమశిక్షణ దగ్గర మొదటి నివేదికకు ఎక్కువ ఇచ్చాను, ఇవ్వకపోతే అన్యాయం. మొత్తం మీద రెండోదే ముందు నిలిచింది. అక్షరదోషాలు దిద్దుకోవడం నెల పని. ఏ వాక్యం ఎందుకు పోయిందో పట్టుకునే అలవాటు తర్వాత ఎవరూ నేర్పరు.

ఉస్మానియాలో జర్నలిజం శాఖ 1954లో మొదలైంది. అప్పటినుంచి ఎన్ని బ్యాచ్‌లు బయటికొచ్చాయో, ఇప్పుడు ఎన్ని కాలేజీలు ఈ కోర్సు నడుపుతున్నాయో చూస్తే, ఇంత అనుభవం ఉన్నవాళ్లకు ఇంటర్న్‌షిప్ నివేదిక నమూనాను మార్చడం కష్టమైన పనేమీ కాదు. శాఖాధిపతులకు నాదొక మనవి: వచ్చే ఏడాది నుంచి క్లిప్పింగులు సగానికి తగ్గించండి. ప్రతి ప్రకటనకూ విద్యార్థి రాసిన మొదటి చిత్తుప్రతిని జతచేయమనండి, ఏ మాట ఎవరు మార్చారో పక్కన రాయమనండి. సంస్థ ఒప్పుకోకపోతే ఆ సంగతైనా రాయించండి, దానికీ మార్కులు వేయండి.