హాజరు పట్టీలో కనబడని రైతు

2024లో పద్మశ్రీ పొందినవారిలో కామాచి చెల్లమ్మాళ్ పేరు మీరు చూసే ఉంటారు. ఆమె దక్షిణ అండమాన్‌లోని రంగాచాంగ్‌కు చెందిన కొబ్బరి రైతు. పది ఎకరాల తోటలో కొబ్బరితోపాటు లవంగం, అల్లం, అనాస, అరటి పండించారు. చాలా పత్రికలు ఆమెను మెచ్చుకొని ఊరుకున్నాయి. ఆ తోటలోని విజ్ఞానాన్ని మనం కాస్త పరిశీలిద్దాం.

అండమాన్‌లో ఏటా సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురుస్తుంది. అయినా జనవరి నుంచి ఏప్రిల్ వరకు నేల ఎండిపోతుంది. ఏటవాలు నేలల్లో నీరు నిలవదు. చెల్లమ్మాళ్ కొబ్బరి ఆకులను, డొక్కలను తోటలో పరిచి తేమను కాపాడారు. ఎండ మట్టికి నేరుగా తగలదు కనుక నీరు ఆవిరి కావడం తగ్గుతుంది. పీచు నీటిని పీల్చి ఉంచుతుంది, కుళ్ళాక ఎరువవుతుంది. ఇక ఖర్చంటారా, తోటలో రాలిపడిన చెత్తే గదా!

ఇక్కడ ఒక సంగతి గమనించండి. కొబ్బరి పూగుత్తి విచ్చుకున్నాక కాయ ముదరడానికి దాదాపు 12 నెలలు పడుతుంది. మొగ్గ రూపుదిద్దుకోవడం అంతకు ఎంతో ముందే మొదలవుతుంది. కాబట్టి ఈ వేసవిలో చేసిన పని ఫలితం వచ్చే ఏడాదికో, ఆపై ఏడాదికో గాని కంటికి కనబడదు. మన విస్తరణ కార్యక్రమాల విజయాన్ని మాత్రం తరచుగా శిక్షణ రోజు సాయంత్రమే లెక్కకట్టేస్తారు. ఎందరు వచ్చారు, అందులో స్త్రీలెందరు అని. ఆ అంకె కొబ్బరి చెట్టుకు ఏమి చెబుతుంది?

పైగా పిలుపు ఎక్కువగా అందేది భూమి పేరున ఉన్నవారికి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో మహిళలు నిర్వహించే కమతాలు సుమారు 14 శాతమే. కలుపు తీసి, విత్తనం దాచే ఇల్లాలి పేరు జాబితాకు ఎక్కదు. కార్ నికోబార్‌లోనైతే భూమి ‘తుహెట్’ అనే ఉమ్మడి కుటుంబానిది. అక్కడ పట్టాదారు ఎవరని అడగడమే అతకదు.

దీవుల్లో సంస్థలు లేవా అంటే ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) కేంద్ర వ్యవసాయ పరిశోధన సంస్థ 1978లోనే ఏర్పడింది. కృషి విజ్ఞాన కేంద్రాలూ పనిచేస్తున్నాయి. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ తెలుగులోనూ జవాబిస్తుంది. మంచి ఏర్పాటే. కాని చేతిలో ఫోన్ లేని మనిషిని అది వెతుక్కుంటూ రాదు.

జహీరాబాద్ దగ్గర మాచునూర్‌లో 2008 అక్టోబరు 15న ప్రారంభమైన సంఘం రేడియో ఇంతకన్నా తెలివైన ప్రయోగం. దాన్ని నడిపింది దళిత మహిళలు. సేద్యం చేసే స్త్రీ తన యాసలోనే చెబితే సాటి రైతు స్త్రీ విన్నది. అండమాన్‌కు దాన్ని ఉన్నదున్నట్టు దింపలేం. అక్కడ బెంగాలీ, హిందీ, తమిళం, నికోబారీ మాట్లాడేవారున్నారు. 2011 జనగణనలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 శాతం. ఒక్క భాషలో ప్రసారం సరిపోదు. అయితే చెప్పేవారు రైతే కావాలన్న సూత్రం అక్కడా చెల్లుతుంది. చెల్లమ్మాళ్ వంటివారి తోటలు ఉండగా తరగతి గది వెతుక్కోవడం ఎందుకు?

మీ ఊరికి దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్లినప్పుడు మహిళల శిక్షణ గురించి అడగండి. హాజరు పట్టీ చూపిస్తే, అందులోని మహిళల పొలాలకు ఏడాది గడిచాక మళ్ళీ ఎవరైనా వెళ్ళారా అనికూడా అడగండి.